అహో బలం! కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు



ఎగువ అహోబిలం వెళ్లివచ్చిన వాళ్లెవరినైనా అడగండి, ముందు మోకాళ్ల సంగతే చెబుతారు. మొన్న మేమూ ఇంటిల్లిపాదీ వెళ్లాం. పిల్లలు ఉగ్రస్తంభం కేసి పరుగు తీశారు. నేను సగం దారిలోనే ఒక బండమీద చతికిలబడ్డాను. నరసింహస్వామి ప్రతాపం చూసి దేవతలు "అహో బలం!" అన్నారట. ఆ మాటే అహోబలమై, అహోబిలమైందని పెద్దలు చెబుతారు. ఈ సీమలో ఓబులేసులూ ఓబులమ్మలూ ఇంతమంది ఉండడం కూడా ఆ స్వామి చలవే.

ఈ కథ చెబుతూంటే మా అమ్మాయి, "మన తెలుగువాళ్లలో అంత బలవంతుడు ఎవరమ్మా?" అని అడిగింది. బడిలో కబడ్డీ జట్టులో చేరతానని నెల్లాళ్లుగా నా ప్రాణం తీస్తున్న పిల్ల అది. ఆడపిల్లకి దెబ్బలాటలెందుకని నేను ఒప్పుకోలేదు. అప్పుడు దానికి చెప్పిన కథే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

వీరఘట్టం అనే ఊరు 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 1880ల తొలి ఏళ్లలో కోడి రామ్మూర్తి నాయుడు అక్కడ పుట్టారు. పసితనంలోనే తల్లి పోయింది. అల్లరి పట్టలేక తండ్రి ఆయన్ని విజయనగరంలో ఉన్న బంధువుల ఇంటికి పంపించారు. చదువు అబ్బలేదు గాని కుస్తీ, కసరత్తు అబ్బాయి. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగివచ్చి వ్యాయామోపాధ్యాయులయ్యారు. ఆ తర్వాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు.

ఆయన చేసిన విన్యాసాలు వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఒంటికి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగిస్తే ఆ గొలుసు తెగిపోయేది. రెండు మోటారు కార్లను గొలుసులతో తనకి కట్టించుకుని అవి కదలకుండా నిలబెట్టేవారు. ఛాతీమీద బల్ల పరిపించుకుని దానిమీద ఏనుగును నిలబెట్టించుకునేవారు. ఇందులో మాయ ఏమీ లేదండీ. బరువు ఒక్కచోట పడకుండా బల్ల సర్దుతుంది. బిగబట్టిన ఊపిరి ఎముకల గూటికి దన్నుగా నిలుస్తుంది. మిగిలినదంతా ఏళ్ల తరబడి సాధన. ప్రాణాయామమే తన బలానికి మూలమని ఆయన నమ్మకం. భోజనమా, పూర్తిగా శాకాహారం! మాంసం తింటేనే బలమనేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

కలియుగ భీముడనీ, ఇండియన్ హెర్క్యులస్ అనీ జనం బిరుదులిచ్చారు. లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి ముందు కూడా బలం చూపించారని చెప్పుకొంటారు. అయితే జనానికి ఆయనంటే అంత వెర్రి ఎందుకు? ఆ రోజుల్లో దొరలు మనల్ని పీలమనుషులని వెక్కిరించేవారు. అలాంటప్పుడు మనవాడొకడు దొరల మోటార్లను కదలనివ్వకుండా నిలబెడితే, ఆ పట్టు తమదే అనిపించింది జనానికి.

జపాన్‌లోనూ ఇలాగే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడి, ఆ దేశం తలదించుకున్న కాలం. 1954లో రికిడోజాన్ అనే కుస్తీవీరుడు, పొడుగాటి తెల్ల మల్లులైన షార్ప్ సోదరులతో తలపడ్డాడు. వీధుల్లో పెట్టిన టెలివిజన్ల ముందు జనం వేల సంఖ్యలో గుమిగూడారు. నిజానికి ఆయన పుట్టింది కొరియాలో. అభిమానులకి ఆ సంగతి తెలియనివ్వలేదు. 1963లో ఒక నైట్‌క్లబ్బులో కత్తిపోటు తిని, వారం రోజులకి కన్నుమూశాడు. అప్పటికి ఆయనకి 39 ఏళ్లే.

మన రామ్మూర్తిగారి చివరి రోజులూ చల్లగా గడవలేదు. కాలికి పుండు పడి, ఆ కాలే తీసేయవలసి వచ్చింది. మత్తుమందు వద్దని, ఊపిరి బిగబట్టి ఆ కోత భరించారంటారు. ఏనుగును మోసిన మనిషి కర్ర ఊతతో నడిచారు. 1942 జనవరిలో, ఒడిశాలోని బలాంగీర్‌లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియం ఉంది. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం నిలబడి ఉంది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. "అయితే బలం మగవాళ్లకేనా అమ్మా?" అంది మా పిల్ల. జవాబు కోసం దూరం పోనక్కర్లేకపోయింది. ఆ శ్రీకాకుళం జిల్లాలోనే ఆముదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన పిల్ల కరణం మల్లీశ్వరి. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక ఎత్తులో 110 కిలోలు, ఇంకో ఎత్తులో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ స్త్రీ ఆమే. మన ఇంటికొచ్చే బియ్యం బస్తా పాతిక కిలోలు. అలాంటివి అయిదు ఒకేసారి తలపైకి ఎత్తినా ఆమె 130 కిలోలకి ఇంకా అయిదు కిలోలు తక్కువే! ఆమెకి ఇంట్లో మొదటి దన్ను కన్నతల్లే.

ఆ మాట చెబుతూంటే నా నోరే తడబడింది. బిందెలు మోసి, రుబ్బురోళ్లు తిప్పి, కాన్పులు గట్టెక్కిన అమ్మమ్మల బలం ఎవరి బలమండీ? దాన్ని చాకిరీ అన్నాం గాని బలమని ఎన్నడూ అనలేదు. ఒళ్లు ఎన్నాళ్లో నిలవదని రామ్మూర్తిగారి చివరి రోజులు చెబుతున్నాయి. నిలిచేది సాధన నేర్పిన పట్టుదలే. అది ఆడపిల్లకి మాత్రం అక్కర్లేదా?

కొండ దిగి వచ్చిన మర్నాడు మా అమ్మాయి కబడ్డీ కాగితం మీద సంతకం పెట్టాను. మోకాలు చెక్కుకుపోతుందన్న బెంగ ఇంకా ఉంది. పసుపు డబ్బా మాత్రం చేతికందేచోటే పెట్టుకున్నాను.

సెలవు.