మార్చి 1 కాదు బాబూ, అది జీన్ పేరు!

ఈరోజు కథ ఒక డబుల్ క్లిక్ గురించి. సీఎస్‌వీ ఫైల్ కనపడగానే టక్కున కొట్టేస్తాం చూడండి, అదే. దాని పుణ్యమా అని మనిషి జీన్లకే పేర్లు మార్చాల్సొచ్చింది. నమ్మబుద్ధి కావట్లేదు కదా? వినండి.

సీఎస్‌వీ అంటే ఉత్త టెక్స్ట్ ఫైల్. లైనుకో వరస, మధ్యలో కామాలు, అంతే. ఇది ఎక్సెల్ కంటే పాతది. 1972లోనే ఐబీఎం వాళ్ల ఫోర్ట్రాన్ కంపైలర్ కామాలు పెట్టిన డేటాని చదివేది. మొదటి స్ప్రెడ్‌షీట్‌గా పేరొచ్చిన విసికాల్క్ 1979లో, ఎక్సెల్ 1985లో వచ్చాయి. సీఎస్‌వీ ఎలా ఉండాలో ఒక పద్ధతిగా రాసిపెట్టింది మాత్రం 2005లో! అప్పటిదాకా ఎవరిష్టం వాళ్లది.

చిక్కెక్కడంటే, టెక్స్ట్ ఫైల్లో "ఇది నంబరు, ఇది తేదీ" అని ఎక్కడా రాసి ఉండదు. అందుకని ఎక్సెల్ తనే ఊహిస్తుంది. లెక్కలు రాసుకునేవాళ్లకి అది సాయమే. కానీ జీన్లలో మార్చ్1, సెప్ట్2 అనే పేర్లున్నాయి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబర్ 2 అనుకుంది. పైకి తేదీ కనపడుతుంది, లోపల ఒక సీరియల్ నంబరు దాచుకుంటుంది. ఆ షీట్ సేవ్ చేశారా, అసలు పేరు గల్లంతే. తర్వాత సెల్‌ని టెక్స్ట్‌గా మార్చినా ఆ నంబరే బయటికొస్తుంది గానీ జీన్ పేరు రాదు.

2004లోనే కొందరు పరిశోధకులు ఈ సంగతి పేపర్ రాసి హెచ్చరించారు. ఎవరైనా పట్టించుకున్నారా? 2016లో మెల్‌బోర్న్ పరిశోధకులు వెతికితే, జీన్ల జాబితాలు ఎక్సెల్లో జతచేసిన పేపర్లలో సుమారు ఐదింట ఒకటి ఇలా పాడైపోయి ఉంది. చివరికి 2020లో, జీన్లకు పేర్లు పెట్టే కమిటీయే తగ్గింది. మార్చ్1 కాస్తా మార్చ్‌ఎఫ్1 అయ్యింది, సెప్ట్2 సెప్టిన్2 అయ్యింది. సాఫ్ట్‌వేర్ కోసం సైన్స్ పేరు మార్చుకోవడం నాకైతే నవ్వొచ్చింది, కొంచెం బాధా వేసింది. ఈ మార్పిడిని ఆపుకునే సెట్టింగ్ ఎక్సెల్లో వచ్చింది 2023లో.

అదే 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. ల్యాబులు కోవిడ్ ఫలితాల్ని సీఎస్‌వీలో పంపేవి. ఆరోగ్య సంస్థ వాటిని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్లోకి ఎక్కించింది. అందులో పట్టేది 65,536 వరసలే. మిగతావి చప్పుడు లేకుండా రాలిపోయాయి. అలా 15,841 పాజిటివ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. ఫలితం ఆ మనుషులకు చెప్పారు గానీ, వాళ్లను కలిసినవాళ్లని వెతికే పని రోజుల తరబడి ఆలస్యమైంది.

ఇక మన సంగతి. ల్యాండ్‌లైన్ నంబరు ముందున్న సున్నా మాయం. 12 అంకెల ఆధార్ నంబరు ఈ-ప్లస్-11 అని వింతగా కనపడుతుంది. 16 అంకెల కార్డు నంబరైతే ఇంకా ఘోరం, చివరి అంకె సున్నా అయిపోతుంది. తెలుగు పేర్లు పిచ్చి గుర్తులవుతాయి. ఒకసారి మా ఇంట్లో పెళ్లి పిలుపుల లిస్టు అలాగే తెరుచుకుంటే, ఫైల్‌కి వైరస్ పట్టిందనుకున్నాం!

ఇలా చేయండి. ముందు ఎక్సెల్లో ఖాళీ షీట్ తెరవండి. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కి ఫైల్ ఎంచుకోండి. ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 పెట్టండి, తెలుగు సరిగ్గా వస్తుంది. డేటా టైప్ డిటెక్షన్ దగ్గర "డు నాట్ డిటెక్ట్" ఎంచుకుని లోడ్ కొట్టండి. అన్నీ ఉన్నవున్నట్టు టెక్స్ట్‌గానే వస్తాయి. కూడికలు కావాల్సిన కాలమ్‌ని తర్వాత మీరే నంబరుగా మార్చుకోవచ్చు. గూగుల్ షీట్స్ అయితే కంప్యూటర్ బ్రౌజర్లో ఫైల్, ఇంపోర్ట్‌కి వెళ్లి, టెక్స్ట్‌ని నంబర్లుగా, తేదీలుగా మార్చమనే టిక్ తీసేయండి.

అలవాటులో డబుల్ క్లిక్ కొట్టేశారనుకోండి, కంగారు పడకండి. ఫైల్ ఇంకా పాడవలేదు. మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగితే వద్దనండి.