చిత్తశుద్ధి: వాల్మీకిపురం, మదనపల్లె సీమలో భక్తి, సందేహాల చరిత్ర

దేవుడి మీద నమ్మకం మనసులోంచి పుట్టిందా, భయం వల్లో నలుగురి మెప్పు కోసమో పెట్టుకున్నదా అన్న ప్రశ్న మదనపల్లె సీమకు పాతదే. పొరుగున కదిరి ప్రాంతంలోని కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన, పూజావిధుల కంటే చిత్తశుద్ధికే విలువ కట్టాడు. ఆ పరీక్షకు జీవితాలనే ఒడ్డిన ఇద్దరు ఈ నేల మీద పుట్టారు. ఒకరు భక్తురాలు తరిగొండ వెంగమాంబ, మరొకరు నమ్మకాన్నే ప్రశ్నించిన జిడ్డు కృష్ణమూర్తి.

వెంగమాంబ (సుమారు 1730–1817) వాల్మీకిపురానికి (పాత పేరు వాయల్పాడు) దగ్గరలోని తరిగొండలో పుట్టింది. చిన్ననాడే పెళ్లయింది, భర్త పోయాడు. వేంకటేశ్వరుడే తన పెనిమిటి అని చెప్పి బొట్టూ పూలూ తీయనంది, శిరోముండనానికి ఒప్పుకోలేదు. పుష్పగిరి పీఠాధిపతి ఎదుట ఆమెను నిలబెట్టారనీ, నరసింహస్వామి గుడిలో ఆంజనేయ విగ్రహం చాటున ధ్యానం చేసుకుంటుంటే పూజారి బయటికి ఈడ్చాడనీ కథలున్నాయి. వాటిలోని మహిమలను పక్కన పెట్టినా గట్టి విషయం ఒకటి మిగులుతుంది. ఆనాటి వితంతువు తలవంచితే ఊరు ఆదరించేది, ఎదురు తిరిగితే నింద తప్పదు. ఆ నిందను ఆమె కోరి భరించింది. అందుకే ఆమె భక్తిలో స్వార్థం వెతకడం కష్టం. తర్వాత తిరుమల చేరి, వేంకటాచల మాహాత్మ్యంతో పాటు వాసిష్ఠ రామాయణం వంటి వేదాంత గ్రంథాలూ యక్షగానాలూ రాసింది. ఏకాంతసేవలో ఇచ్చే ముత్యాల హారతి నేటికీ ఆమె పేరుతోనే సాగుతోంది.

కృష్ణమూర్తి 1895 మేలో మదనపల్లెలో పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. 1909లో కుటుంబం సమాజ కేంద్రమైన మద్రాసులోని అడయారు చేరాక, ఆ పిల్లవాడిలో రాబోయే జగద్గురువును చూశానన్నాడు సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్. సమాజ అధ్యక్షురాలు అనిబిసెంట్ అండతో 1911లో అతని చుట్టూ ఒక సంఘమే వెలిసింది. పిల్లల పెంపకంపై తండ్రి వేసిన దావా మద్రాసు హైకోర్టు దాటి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది, 1914లో అక్కడ బిసెంట్ నెగ్గింది. తన మీద ఇందరు ఆశ పెట్టుకోవడం మొదలైననాటికి, అది నిజమో కాదో తేల్చుకునే వయసు కూడా ఆ బాలుడికి రాలేదు.

తమ్ముడు నిత్యానందకు క్షయ. దివ్యజ్ఞాన సమాజం నమ్మే అదృశ్య గురుదేవుల రక్షణ ఉంది, అతనికి ఏమీ కాదని కృష్ణమూర్తి గట్టిగా నమ్మాడు. 1925 నవంబరు 13న నిత్య చనిపోయాడు. అన్న అప్పుడు భారతదేశానికి వస్తూ సముద్రం మీద ఉన్నాడు. ఆ దుఃఖంలో పాత నమ్మకం నిలవలేదు. నాలుగేళ్లకు, 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్ శిబిరంలో, సుమారు మూడు వేల మంది అనుచరుల ముందు సంఘాన్ని రద్దు చేశాడు. ఎవరి వెంటా నడవకుండా సత్యాన్ని వెతుక్కోమన్నాడు. సంఘానికి కానుకగా వచ్చిన ఎర్డే కోట, భూములు దాతలకు తిరిగి వెళ్లాయి. సందేహం కూడా గొప్ప కోసం కావచ్చు, పేరు కోసం కావచ్చు. చేతికందిన సింహాసనాన్ని వదులుకున్నవాడిని అలా అనుమానించడానికి వీల్లేదు.

ప్రతిఫలం ఆశించి చేసే మంచి, శిక్షకు భయపడి మానే చెడు మనిషిని మార్చలేవన్నది ఆయన తర్వాతి బోధలన్నిటిలో కనిపించే మాట. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల చదువు ఈ ఆలోచన మీదే నిలబడింది. పోటీ, పోలిక, బహుమతి ఆశ, దండన భయం లేకుండా పిల్లలు నేర్చుకోవాలన్నది అక్కడి నియమం. కృష్ణమూర్తి 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఓహైలో మరణించాడు. వెంగమాంబ సమాధి తిరుమలలో ఉంది, అక్కడి నిత్యాన్నదాన భవనానికి తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె పేరే పెట్టింది.