పన్నెండో కాలమ్

చందాపురలో సైటు కొనడానికి వెళ్లినవాళ్ల చెవిన ముందుగా పడే మాట గుంట. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. అలాంటివి 40 చేరితే ఎకరా. ఇవాళ అందరూ అడిగే 30-40 సైటు గుంట కంటే 111 చదరపు అడుగులు ఎక్కువ, అంతే.

ఈ 33 అడుగుల లెక్క ఎవరి మూరతోనో బారతోనో పుట్టింది కాదు. అది సర్వేవాళ్ల గొలుసు పొడవు. మైసూరు సంస్థానం బ్రిటిష్ కమిషనర్ల చేతిలో ఉన్న రోజుల్లో, 1863లో, అక్కడ రెవిన్యూ సర్వే మొదలైంది. బొంబాయి ప్రాంతంలో అప్పటికే నడుస్తున్న పద్ధతినే ఇక్కడికి తెచ్చారు. గొలుసుకు 16 అణాలు. చేను చేనుకూ ఒక నంబరు. లేఅవుటు బోర్డుల మీద ఇప్పుడు పెద్ద అక్షరాల్లో కనిపించే సర్వే నంబర్లకు మూలం ఆ గొలుసే.

గొలుసు రాకముందు ఈ నేలను విత్తనంతో కొలిచేవాళ్లు. ఇన్ని కొలగల చేను, ఇన్ని ఖండుగల మడి అనేవాళ్లు. ఆ కొలతలో నేలతోపాటు దాన్ని విత్తే మనిషి చెయ్యి కూడా ఉండేది. గొలుసు కొలతలో నేల ఒక్కటే మిగిలింది.

బెంగళూరు నుంచి హొసూరుకు వెళ్లే దారిలో, ఎలక్ట్రానిక్ సిటీ, హెబ్బగోడి, బొమ్మసంద్ర దాటాక, ఆనేకల్ దారి చీలే చోట ఉంటుంది చందాపుర. ఇంకాస్త ముందుకు పోతే అత్తిబెలె, ఆపైన తమిళనాడు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, హొసూరు వైపు పనిబడితే తమిళం మాట్లాడే రైతు కుటుంబాలు ఈ తాలూకాలో తరతరాలుగా ఉన్నాయి. నిన్నమొన్న అనంతపురం నుంచో కడప నుంచో ఉద్యోగానికి వచ్చి ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్న తెలుగువాళ్లకు పక్కింటి ముసలమ్మ తెలుగు విని ఆశ్చర్యం కలగడం సహజం. ఆమెది వలస వచ్చిన తెలుగు కాదు, ఈ ఎర్రమట్టి తెలుగు.

బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియంలో బేగూరు నుంచి తెచ్చిన వీరగల్లు ఒకటి ఉంది. సుమారు 1,100 ఏళ్ల నాటిది. గంగరాజు ఎరెయప్ప తరఫున నాగత్తరుడనే యోధుడు యుద్ధంలో ఏనుగులకు ఎదురు నిలిచి పడిపోయాడు. అతని స్మృతికి గుర్తుగా రాజు బెంపూరు పన్నెండు ఊళ్లను ఇరుగుడనే వ్యక్తికి ఇచ్చాడు. శిలమీద ఊళ్ల పేర్లు వరసగా చెక్కారు. వాటిలో ఇగ్గలూరు ఒకటి. చందాపురను ఆనుకొని ఇప్పుడూ ఇగ్గలూరు అనే ఊరుంది. ఆ రాతి ముందు నిలబడితే నాకు రెండు సంగతులు తోస్తాయి. ఈ నేలకు కాగితం కొత్తదేమో గాని, రాత కొత్తది కాదు. ఇచ్చినవాడి పేరు, పుచ్చుకున్నవాడి పేరు, చచ్చినవాడి పేరు ఉన్నాయి. దున్నినవాడి పేరు మాత్రం లేదు.

భూమి ఎవరిది? రాజుదా, ఊరిదా, దున్నేవాడిదా? ఈ ప్రశ్నను ఇక్కడి నుంచి సముద్రం దాటించి ఇండోనేషియా పల్లెలదాకా మోసుకెళ్లిన మనిషి మనకు బాగా తెలిసినవాడే. కైఫీయతుల కాలిన్ మెకంజీ.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు సర్వే పని మెకంజీకి అప్పగించారు. దాదాపు పదేళ్లు సాగిన పని అది. ఆ సంవత్సరాల్లో అతని కళ్లూ చెవులూ ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఊరూరా కరణాలను పలకరించి మాన్యాలు, చెరువులు, శాసనాల వివరాలు రాయించుకున్నారు. అంతకు కొన్నేళ్ల ముందే ఈ సీమకు దక్షిణాన మరో ప్రయోగం జరిగింది. 1792లో కంపెనీ చేతికొచ్చిన బారామహల్‌లో, అంటే నేటి కృష్ణగిరి, ధర్మపురి వైపు, అలెగ్జాండర్ రీడ్, అతని సహాయకుడు థామస్ మన్రో జమీందారును పక్కనపెట్టి రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతి రూపొందించారు. మన్రో తర్వాత దత్తమండలాలకు వచ్చాడు. ఆ కథ రాయలసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. చందాపుర దగ్గర రోడ్డు మీద నిలబడితే ఉత్తరాన మెకంజీ కొలిచిన మైసూరు, దక్షిణాన మన్రో రైత్వారీ. హొసూరు కంపెనీకి పోయింది, ఆనేకల్ మైసూరుకు మిగిలింది.

1811లో బ్రిటిష్ సైన్యం డచ్చివాళ్ల చేతిలోని జావాను పట్టుకుంది. ఆ దండులో ఇంజనీరుగా మెకంజీ ఉన్నాడు. గవర్నరు పగ్గాలు చేపట్టిన రాఫిల్స్ మరుసటి ఏడాదే జావా భూమి హక్కుల మీద ఒక సంఘం వేసి దానికి మెకంజీని అధ్యక్షుణ్ణి చేశాడు. మైసూరులో అడిగిన ప్రశ్నలే జావా పల్లెల్లోనూ అడిగారు. ఇటు మద్రాసులో కావలి లక్ష్మయ్య సేకరణ ఆగకుండా నడిపిస్తుండగా, అటు మెకంజీ జావా రాతప్రతులు పోగుచేశాడు. 1813లో తిరిగొచ్చాడు.

రాఫిల్స్ తేల్చిందేమిటంటే, నేల ప్రభుత్వానిది, రైతు కౌలుదారు. మంచి వరి మడి పంటలో సగం, మధ్యరకానికి అయిదింట రెండు వంతులు, తక్కువ రకానికి మూడో వంతు శిస్తు. 1814 నాటి ఉత్తర్వుల్లో ఊరిపెద్దతో కాక ఒక్కొక్క సాగుదారుతో లెక్క తేల్చుకోవాలన్నాడు. మద్రాసు రైత్వారీ నీడ అందులో స్పష్టంగా కనిపిస్తుంది. కాని జావాలో పొలం కొలిచే గొలుసులూ లేవు, రాసే కరణాలూ లేరు. శిస్తు వసూలు తిరిగి ఊరిపెద్ద చేతికే చేరింది. రెండేళ్లలో, 1816లో, జావా మళ్లీ డచ్చివాళ్లదైంది. భూమికి అద్దె అనే ఊహను మాత్రం వాళ్లూ వదల్లేదు. 1870లో, హక్కు రుజువు కాని నేలంతా ప్రభుత్వానిదేనని చట్టమే చేశారు.

జావా పల్లెను చదువుతుంటే ఆనేకల్ తాలూకా పల్లె కళ్లముందు కదలడం నాకు యాదృచ్ఛికమనిపించదు. అక్కడ నీటి మడిని సావా అంటారు, మెట్టను తెగలన్, ఇంటి పెరటిని పెకరాంగన్. మైసూరు లెక్కల్లో తరి, కుష్కి, బాగాయతు. అక్కడ సగం పాలుకు సాగు చేయడం మారో. మనవైపు కోరు. అన్నిటికంటే దగ్గరి పోలిక నీటి దగ్గర ఉంది.

ఇక్కడ చెరువుకు నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడెత్తాలో, ఎంత ఎత్తాలో అతనికే తెలుసు. చెరువు నిండిన ఏడు ఆయకట్టంతా వరి. సగమే నిండితే ఏ మడికి నీళ్లు, ఏ మడిలో రాగి అనేది ఊరి పెద్దలు తేలుస్తారు, దాన్ని మడిమడికీ అమలు చేసేది నీరుగంటి. ఎవరి వంతు ఎప్పుడో, రాత్రి ఎవరు కాలువకు గండి కొట్టారో, కట్టమీద ఎక్కడ ఎలుక బొరియ పడిందో చూసుకోవాలి. వాన జోరుగా కురిసిన రాత్రి ఊరు నిద్రపోతే అతను కట్టమీద నడిచేవాడు. జీతం నగదు కాదు. సేవకు ఇచ్చిన ఇనాం నేల కొంత, కళ్లంలో ప్రతి రైతూ ఇచ్చే మేర కొంత. జావాలో ఇదే పని చేసేవాణ్ణి ఉలు-ఉలు అంటారు. అతనికి, ఊరిపెద్దకు, మిగతా గ్రామ సేవకులకు జీతం బదులు ఇచ్చే నేలకు బెంగ్‌కోక్ అని పేరు. ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ నేల అనుభవం. దిగిపోతే ఊరికి తిరిగొస్తుంది.

మన దగ్గర ఈ ముడిని చట్టం విప్పేసింది. మైసూరులో 1954, 1955 చట్టాలతో వ్యక్తిగత, దేవాలయ ఇనాములు రద్దయ్యాయి. 1963 ఫిబ్రవరి 1 నుంచి పటేలు, శానుభోగు, తలారి, తోటి, నీరుగంటి వంటి వంశపారంపర్య గ్రామోద్యోగాలు పోయాయి. వెట్టి, కులం కలగలిసిన ఆ వ్యవస్థ పోవలసిందే. అందులో నాకు సందేహం లేదు. తోటి కుటుంబాలకు ఊరి చాకిరీ నుంచి విడుదల దొరికింది. కాని సేవా నేల సేవ నుంచి విడిపడి మామూలు పట్టా నేల అయినప్పుడు, చెరువు బాధ్యతను ఇంకెవరికి ఇవ్వాలన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. నేలకు యజమాని దొరికాడు, నీటికి కాపరి పోయాడు. ఈ తాలూకా చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే అంటాను.

ఆ తర్వాత వచ్చింది దేవరాజ్ అరసు కాలం. 1961 నాటి భూసంస్కరణల చట్టాన్ని సవరించి, 1974 మార్చి 1 నుంచి కౌలు నేలలన్నీ ప్రభుత్వానివని ప్రకటించారు. కౌలుదారు ఫారం 7 నింపి ట్రిబ్యునల్ ముందు పెట్టుకోవాలి. అప్పుడు అందరి కళ్లూ పహాణీలోని పన్నెండో కాలమ్ మీద పడ్డాయి. తొమ్మిదో కాలమ్‌లో ఖాతాదారు పేరు ఉంటుంది. పన్నెండో కాలమ్‌లో ఆ ఏడు వేసిన పంట, సాగు చేసినవాడి పేరు. బేగూరు శిలమీద లేని పేరుకు కాగితం మీద చోటు దొరికింది అక్కడే. ఆ గడిలో పేరున్న కౌలుదారుకు నేల తన చేతికి రాగలదన్న ఆశ మొలిచింది. నోటిమాట మీద కోరుకు చేసినవాడికి, పేరెక్కనివాడికి చూపించుకోవడానికి ఏమీ లేకపోయింది. కూలికి వెళ్లిన ఆడవాళ్లకు ఏ కాలమూ లేదు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేయవచ్చు, ఎందుకంటే అది జరిగిందీ త్వరగానే. 1970ల చివర కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు నేలల్లో 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్ సిటీ మొదలైంది. బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామిక వాడలయ్యాయి. చందాపుర పక్కన హౌసింగ్ బోర్డు సూర్యనగర్ వెలిసింది. 2010లో ఎత్తయిన రోడ్డు, 2025 ఆగస్టు 10న బొమ్మసంద్ర దాకా మెట్రో. భూమి ప్రాజెక్టు కింద రాష్ట్రంలో 67 లక్షల మంది రైతుల 2 కోట్ల పహాణీలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. రైతు కానివాడు సాగునేల కొనకూడదన్న నిబంధన 2020లో తొలగిపోయింది.

పరిహారమైనా, అమ్మకమైనా, డబ్బు తొమ్మిదో కాలమ్‌ను వెతుక్కుంటూ వస్తుంది. మార్పిడి ఉత్తర్వు లేకుండా చేనునే ముక్కలు చేసి అమ్మిన రెవిన్యూ సైట్లు, వాటికొచ్చే బి ఖాతాలు ఇక్కడ నిత్యం వినపడే మాటలు. పన్ను రసీదు చేతిలో ఉంటే నేల తనదైనట్టేనని నమ్మి జీవితకాలపు పొదుపు పెట్టినవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతమందో. ఇండోనేషియా పల్లెల్లోనూ ఇదే గోడు. గిరిక్ అనే పాత పన్ను పత్రాన్నే తరాలుగా హక్కు పత్రమనుకొని పెట్టెల్లో దాచుకున్నారు. 2021లో అక్కడి ప్రభుత్వం అయిదేళ్ల గడువు పెట్టి, ఆ తర్వాత దాన్ని హక్కుకు రుజువుగా ఒప్పుకోమని నిబంధన తెచ్చింది. శిస్తు కట్టినవాడు వేరు, హక్కుదారు వేరు. రెండు శతాబ్దాల కిందట రాఫిల్స్ గీసిన ఆ గీత ఇంకా చెరగలేదు.

ఇక చెరువు. చందాపుర చెరువు నిండితే నీళ్లు ముత్తానల్లూరు చెరువుకు, అక్కడి నుంచి బిదరగుప్పె వైపుకు సాగిపోయే గొలుసుకట్టు ఇది. ఇప్పుడు ఆ దారిలో సాగేది ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థం. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టి, 2022 అక్టోబరులో కర్ణాటక ప్రభుత్వం 500 కోట్ల రూపాయల పరిహారం కట్టాలని ఆదేశించింది. ఒకప్పుడు కొంచెం నేల, నాలుగు మేరల ధాన్యం తీసుకొని ఒక మనిషి కాపాడిన నీటికి ఈనాటి వెల అది.

పొలాలు పోయినా ఊళ్లు పూర్తిగా చెదిరిపోలేదు. హుస్కూరు మద్దూరమ్మ జాతరకు చుట్టుపక్కల పల్లెలు ఇప్పటికీ వంద అడుగులు దాటే తేర్లు కట్టి లాక్కొస్తాయి. ఆనేకల్ వైపు రాగి చేలు ఇంకా ఉన్నాయి. కంచె పడిన నేలలో కూడా, ఇల్లు లేచేదాకా, ఎవరో ఒకరు జూలై వానకు రాగి చల్లుతారు, మధ్యమధ్య సాళ్లలో అనుములు పెడతారు. అది నోటిమాట మీద సాగు. ఏ పహాణీలోనూ, ఏ కాలమ్‌లోనూ ఆ పేరు ఎక్కదు. డిసెంబరులో రాగి కోసి కుప్ప వేసుకొని వాళ్లు వెళ్లిపోయాక, కొయ్యకాళ్ల మధ్య అనుముల సాళ్లు మాత్రమే మిగిలి, పూత మీద ఉంటాయి.