ముసలమ్మకట్టయు, తాత్పర్యనిర్ణయమును

అనంతపురము ప్రక్కనే, పండమేరు నీటి కడ్డముగా సాగిన పెద్దకట్ట యొకటి కలదు. బుక్కరాయల మంత్రియైన చిక్కవొడయరు 1364 ప్రాంతమున దీనిని కట్టించి, ఒక కొసను బుక్కరాయసముద్రమును, రెండవ కొసను అనంతసాగరమును నెలకొల్పెనని స్థలచరిత్ర చెప్పుచున్నది. తక్కిన యూళ్ల కథలు రాజుతోనో దేవునితోనో మొదలగుచుండగా, ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే దిక్కైన యీ మెట్టసీమలో ఊరికథ చెఱువుతో మొదలగుట గమనింపదగినది.

ఇట్టి గమనికయే మన పూర్వులు ‘ఉపక్రమ’ మనిన దానిని పట్టుకొనుట. ఒక గ్రంథము నిజముగా చెప్పదలచిన దేదియో తేల్చుటకు మీమాంసకులును, వేదాంతులును ఆఱు లింగములను నిర్ణయించిరి. ఆరంభమును ముగింపును ఒకదానితో నొకటి పొసగుచున్నవా యని చూచుట ఉపక్రమోపసంహారములు, పలుమాఱు చెప్పిన మాటను గుర్తించుట అభ్యాసము, మఱియొకచోట దొరకని విషయమును పట్టుట అపూర్వత, చెప్పినదాని ప్రయోజనము ఫలము, స్తుతినిందలు అర్థవాదము, యుక్తి ఉపపత్తి. వేదవాక్యముల నిమిత్తము పుట్టిన యీ పరిభాషను చరిత్ర చదువుకొను విద్యార్థికిని నేర్పవలసినదేయని నా దృఢమైన నమ్మకము.

అనంతపుర చరిత్రమను తెలుగు వచనగ్రంథమును బ్రౌనుదొర 1853లో మద్రాసున ‘రాజుల యుద్ధములు’ అను పేర ఇంగ్లీషు చేసి ప్రకటించెను. మొదట చెప్పిన యా చెఱువుకట్టకు గండి పడగా, ఊరు కొట్టుకొనిపోకుండుటకై బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తన్ను తాను బలి యిచ్చుకొన్న కథ యీ సీమలో తరతరములుగా చెప్పుకొనునదే. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిదశలో, 1899లో, దీనినే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించిరి. కావ్యము చదువువాడు కరుణరసమున మునుగును, అది న్యాయమే. చరిత్ర చదువువాడో, అదే కథను మూడు పాళ్లుగా విడదీయవలెను. కట్ట తెగుట జరుగదగిన సంగతి. దేవత బలి కోరుట నాటివారి విశ్వాసము. ఆమె త్యాగమును కొనియాడుట అర్థవాదము. అర్థవాదమని తేలగానే పాఱవేయువారు కలరు, వారితో నేనేకీభవింపను. విధిని చేయించుటకై పుట్టిన స్తుతి యది. ఈ కథ విన్న రైతు కట్టమీది మట్టిని పెల్లగింప సాహసింపడు గదా. కట్టను కాపాడుటయే దాని ఫలము.

శాసనములయందు ఈ వివేకము మఱింత యావశ్యకము. పొరుగున కడప సీమలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరభవదూరుడు వేయించినది. రాజవంశ ప్రశస్తి దాటి ముందునకు పోయిన చదువరికి అచ్చట నిధి దొరకును. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల పని యని లెక్క చెప్పి, మంచి చెఱువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను శాసనకర్త వరుసగా పేర్కొనెను. కట్టనుండి నీరు కాఱుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేర, చెఱువు నడుమ మిట్ట, నీరు కొలదియై పొలము పెద్దదగుట, నీరు మిక్కుటమై పొలము చిన్నదగుట: ఇవి యా దోషములు. ప్రశస్తి వంటిది ఏ శాసనముననైన దొరకును. ఈ పట్టిక యపూర్వము. శాసనతాత్పర్య మిచ్చట నున్నది గాని రాజుగారి బిరుదములలో లేదు.

అన్నిటికన్న ముందు కావలసినది, పంక్తి ఎటు నడచుచున్నదో తెలియుట. గుత్తికి చేరువ, కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి గుట్టమీద అశోకుని శాసనములు 1928-29 ప్రాంతమున భూగర్భశాస్త్రజ్ఞుడు అనూ ఘోష్ కంటబడినవి. అందలి లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, కొన్ని కుడినుండి ఎడమకు నడచును. చాలు చివర ఎద్దులు మరలి వచ్చునట్లు ఒక్కొక్కచోట వ్రాత వెనుకకు మరలును. బ్రాహ్మీలిపి యంతయు నొక్కటే దిక్కునకు పోవునని ముందే నిశ్చయించుకొని చదువబూనినవానికి అక్షరములు కనబడును గాని మాట కూడదు.

ఇక నొక్క పదమును తీసికొని చూతము. 1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కుంపిణీ కిచ్చివేయగా, వీనికి ‘దత్తమండలము’ అను పేరు వచ్చినది. ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకొన్నవాడు కుంపిణీ; ఈయబడిన నేలపై నున్న ప్రజ యా మాటలో ఎక్కడను లేదు. వ్రాసినవాడు ఎచ్చట నిలుచుండి చూచుచున్నాడో ఒక్క విశేషణము పట్టి యిచ్చును. అనంతపురము దత్తమండల కళాశాలలో అధ్యాపకులైన చిలుకూరి నారాయణరావుగారు 1928లో నంద్యాల ఆంధ్రమహాసభలో ఆ పేరు మార్చి ‘రాయలసీమ’ యనుడని సూచించిరి. సీమవాసులందఱును దానినే గ్రహించిరి. ఆయన 1937 నాటి ‘ఆంధ్రభాషాచరిత్రము’నందు తెలుగు ప్రాకృతజన్యమని వాదించిరి. భాషావేత్తలు ఆ వాదమును అంగీకరింపరైరి. ఆయన కూర్చిన యుదాహరణసామగ్రి మాత్రము నేటికిని పనికివచ్చుచున్నది. వాదమును, ఆధారమును వేఱువేఱుగా తూచుట యన నిదియే.

అనంతసాగరమను పేరునకును రెండు వ్యుత్పత్తులు వాడుకలో నున్నవి: బుక్కరాయల రాణి పేరని కొందఱు, చిక్కవొడయరు పేరేయని మఱికొందఱు అందురు. ఏది నిశ్చయించుటకైనను మొదట రెంటిని ప్రక్కప్రక్కన వ్రాసికొని, ఏది ఏ యాధారముపై నిలిచినదో చూడవలెను. మీ యూరి చెఱువుకట్టమీదను, గుడి వాకిటను శాసనపు రాయి యున్నచో, సున్నము పూయకుడు. అచ్చు తీయించి యుంచుడు. దానిని గూర్చి వృద్ధులు చెప్పు కథను వారి మాటలలోనే వేఱొక కాగితముపై వ్రాయుడు. రాతిలోని మాటయు, నోటిలోని మాటయు ఒక్క కాగితముపై కలపకుడు.