రచ్చబండ మీద ఆడవాళ్ళకి చోటు

చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళనివాళ్ళు మనలో తక్కువే కదూ? మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఆమధ్య నాతోపాటు తిరుగుతున్న ఒక పెద్దావిడ ఆయాసం తీర్చుకుంటూ తన మొక్కు చెప్పింది. తమ్ముళ్ళతో భూమి తగాదా తెమలాలట. పట్నం పక్క ఊళ్ళలో భూముల ధరలు పెరిగాక తోబుట్టువుల మధ్య మాటలు తగ్గాయి. "పెద్దమనుషుల్ని కూర్చోబెట్టలేదా అమ్మా?" అన్నాను.

"కూసున్నరు బిడ్డా, నన్నే కూసోమనలే" అంది.

మన రచ్చబండ కోర్టులకంటే పాతది. ఖర్చు లేదు, ఊరు దాటనక్కర్లేదు, నిజమే. కాని అక్కడ తీర్పు పెద్దలది, ఆడదాని చోటు తలుపు చాటున. పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చి పంపితే సరిపోయేది.

గుజరాత్‌లోని రంగపూర్‌లో హరివల్లభ్ పరీఖ్ 1949 నుంచి గిరిజనుల తగాదాలు బహిరంగ సభలోనే తీర్చేవారు. 1982లో ఆ రాష్ట్రంలోనే ఊనాలో లోక్ అదాలత్ జరిగింది. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది గాని, అమలయింది 1995 నవంబరు 9న. (మనింట పెళ్ళి మాటలైనా ఇన్నాళ్ళు సాగవు!) కోర్టు కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు. అయితే దానిమీద అప్పీలు లేదు. చదవకుండా సంతకం పెట్టకండి.

2002 నుంచి సివిల్ కోర్టే కేసును మధ్యవర్తి దగ్గరకు పంపవచ్చు. ఈ మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఇద్దర్నీ కలిపి వింటాడు, విడివిడిగానూ వింటాడు. విడిగా చెప్పింది గుట్టుగా ఉంచాలి. అన్నదమ్ముల ఎదుట నోరు పెగలని ఆడపడుచుకి అదెంత ఆసరా! మనసొప్పకపోతే లేచి రావచ్చు, కేసు మళ్ళీ కోర్టుకే వెళుతుంది. దెబ్బలు తిన్న కోడల్ని రాజీ పేరుతో మళ్ళీ అదే గడప తొక్కించడం మాత్రం నాకు సమ్మతం కాదు.

రాజీకి కూర్చునేముందు మన హక్కు మనకు తెలియాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్ళయినవాళ్ళకీ ఇచ్చింది. పెద్దావిడకి ఇదేదీ ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారనీ తెలియదు.

ప్రదక్షిణలు లెక్కపెట్టుకునే కాగితం వెనక "ఎల్.బి. నగర్, జిల్లా కోర్టు, న్యాయ సేవాధికార సంస్థ" అని రాసిచ్చాను. కొంగున ముడివేసుకుని, ఇంకా 4 ఉన్నాయంటూ లేచింది.