పదమూడు వరుసల పట్టికకు ముందు

పూర్ణాంకాన్ని రోమన్ అంకెల్లోకి మార్చే ప్రోగ్రాం ఎలా రాయాలంటే నేటి పాఠాలు దాదాపు అన్నీ ఒకటే దారి చూపిస్తాయి. 1000, 900, 500, 400 అంటూ 1 దాకా దిగే 13 విలువల పట్టిక పెట్టుకోవాలి. ఇచ్చిన సంఖ్యలో పట్టే అతిపెద్ద విలువను తీసేస్తూ, తీసిన ప్రతిసారీ దాని అక్షరాలు రాస్తూ పోవాలి. పద్ధతిలో తప్పేమీ లేదు. రోమన్ల నియమాన్నే యంత్రం పాటిస్తోందంటూ దానికి తగిలించే కథే నిలవదు.

రోమన్లకు అంత బిగువైన నియమం లేదు. కొలోసియం 44వ ద్వారం మీద నలభైని యాభైకి ముందు పది పెట్టి చెక్కారు. దాని పక్కనే నాలుగును మాత్రం నాలుగు నిలువు గీతలుగా చెక్కారు. తీసివేత, కూడిక ఒకే సంఖ్యలో! క్రీ.శ. 9లో ట్యూటోబర్గ్ అడవిలో చనిపోయిన మార్కస్ కేలియస్ స్మారకశిల మీద 18వ దళం సంఖ్య పది తర్వాత, పదిలోంచి రెండు తీసిన రూపంలో ఉంది. ఒక్క శిల వాడుకను నిర్ణయించదు, నిజమే. ఐదుకు ముందు ఒకటి రాసే పద్ధతీ రోములో ఉంది. తేలేది ఒక్కటే: రెండు రూపాలూ చెల్లేవి.

ఈ సంగతిని తొలితరం ప్రోగ్రామర్లు మరిచిపోలేదు. 1984లో గై స్టీల్ పుస్తకం వివరించిన కామన్ లిస్ప్ భాషలో, సంఖ్యను అచ్చువేసే ‘ఫార్మాట్’ ఆదేశానికి రెండు రోమన్ రూపాలున్నాయి. ‘ఆర్’ అక్షరం ముందు ‘ఎట్’ గుర్తు ఒక్కటే ఉంటే నాలుగు తీసివేత రూపంలో వస్తుంది. దానికి కోలన్ కూడా చేరిస్తే నాలుగు గీతలుగా వస్తుంది. రెండో దానికి పాత రోమన్ అని పేరు. ఒక్క కోలన్‌లో ఇంత చరిత్రను ఇమిడ్చిన ఆ నిర్ణయానికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

డొనాల్డ్ నూత్ తన అచ్చుకూర్పు ప్రోగ్రాం టెక్‌లో రాసిన భాగం ఇంకో రకంగా గొప్పది. పుస్తకాల ముందు పుటలకు చిన్న రోమన్ అంకెలు వేయడం అచ్చు సంప్రదాయం కాబట్టి టెక్‌కు ఈ మార్పిడి అవసరమే. నూత్ పట్టికలో జంటలే లేవు. ఉన్నదల్లా ‘ఎం2డి5సి2ఎల్5ఎక్స్2వి5ఐ’ అనే ఒకే అక్షరాల వరుస. అక్షరాల నడుమ అంకెలు భాగహారాలు: వెయ్యిని రెండుతో భాగిస్తే ఐదు వందలు, దాన్ని ఐదుతో భాగిస్తే వంద. తీసివేత రూపం అప్పటికప్పుడు పుడుతుంది. చేతిలో ఉన్న సంఖ్యకు తగిన చిన్న విలువ కలిపితే పెద్ద విలువ అందుతుందా అని ప్రోగ్రాం చూస్తుంది. అందితే చిన్న అక్షరం ముందు రాసి, ఆ విలువను సంఖ్యకు కలిపేస్తుంది. నాలుగుకు ఒకటి కలిపితే ఐదు. కాబట్టి ముందు ‘ఐ’, ఆ తర్వాత ‘వి’. ఆ చిన్న అక్షరం ఎప్పుడూ వంద, పది, ఒకటిలలో ఒకటే. అందుకే 1990లోని 990 వెయ్యికి ముందు పదిగా కుదించుకుపోదు. పొడుపుకథలు ఇష్టపడే పాఠకుల కోసం అంటూ నూత్ ఇక్కడ వివరణ ఇవ్వకుండా వదిలేశారు. పదమూడు వరుసలను బట్టీపట్టే విద్యార్థికి ఈ కొద్ది వరుసలు చూపించకపోవడం నష్టమే.

ఎక్సెల్ వేరే దారి పట్టింది. దాని ‘రోమన్’ ఫంక్షన్‌లో 0 నుంచి 4 దాకా ఐదు రూపాలున్నాయి. 499 సంప్రదాయ రూపంలో ఆరు అక్షరాలు. చివరి రూపంలో ఐదు వందలకు ముందు ఒకటి, రెండే అక్షరాలు. వైవిధ్యాన్ని ఒప్పుకున్నందుకు సంతోషించాలి. కానీ ఈ ఐదింట్లో కొలోసియం ద్వారం మీది నాలుగు గీతలకు చోటు లేదు. పొట్టి చేయడమే ఇక్కడ వరుస, వాడుక కాదు.

ఇప్పటి పరిస్థితి ఇంకా ఇరుకు. ప్రోగ్రామింగ్ సాధన వెబ్‌సైట్ లీట్‌కోడ్‌లో 12వ సమస్య ఈ మార్పిడే. ఉద్యోగ ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారు తరచూ సాధన చేసేది. అందులో హద్దు 3999. వెబ్ పేజీల రోమన్ వరుసలకు సీఎస్ఎస్ పెట్టిన హద్దూ అంతే. వెయ్యి అక్షరాన్ని మూడుసార్లకు మించి రాయకూడదన్న నియమం నుంచి వచ్చిన హద్దు అది. రోమన్లైతే అక్షరం మీద అడ్డగీత గీసి వేలను సూచించారు. యూనిక్స్‌లోని అచ్చుకూర్పు ప్రోగ్రాం ట్రాఫ్ ఐదు వేలకు ‘డబ్ల్యు’, పదివేలకు ‘జెడ్’ కల్పించుకుని ముందుకు సాగింది. ఆ అక్షరాలు రోమన్లవి కావు, కానీ 3999 దగ్గర ఆగిపోలేదు. యూనికోడ్‌లో ఐదువేలకు, పదివేలకు, యాభైవేలకు, లక్షకు పాత రోమన్ గుర్తులు విడిగా ఉన్నాయి. 4000 ఇస్తే ఏం చేయాలని పాఠంలో అడగరు, నాలుగును ఏ రూపంలో రాయాలనీ అడగరు.