ఉప్పు మోసిన తండాల నుంచి ఫోన్‌లో దుకాణాల దాకా: మన వ్యాపార చరిత్ర



ఈ పోస్ట్ కాస్త పెద్దది. తీరిగ్గా చదవండి, చదివాక మీ తండాలో, మీ కాలనీలో నలుగురికీ చెప్పండి.

ఈమధ్య మన గ్రూపులో ఆన్‌లైన్ బిజినెస్ గురించి చర్చ బాగా నడుస్తోంది. డిగ్రీ అయిపోయి గ్రూప్స్ కోచింగ్‌లో ఉన్నవాళ్లు, ఇంటి దగ్గరే ఉండిపోయిన చెల్లెళ్లు, మామిడి కోతలకు కూలికి పోతూ చదువుకునే తమ్ముళ్లు అందరూ అడిగేది ఒకటే. "సొంతంగా ఏదైనా అమ్ముకుంటే బతుకుకి భరోసా దొరుకుతుందా?" దానికి ఎవరో ఒకరు "మనోళ్లకి వ్యాపారం రాదు, అది కోమట్ల పని" అని తేల్చేస్తారు. ఈ మాట ఎంత తప్పో చరిత్రలోకి వెళ్లి చూద్దాం. మనకి వ్యాపారం వచ్చు. వచ్చి, పోయింది. ఎలా పోయిందో తెలుసుకుంటేనే మళ్లీ మొదలుపెట్టేటప్పుడు జాగ్రత్తగా ఉంటాం.

బందరు దారి

మన రెడ్డిగూడెం, ఏ.కొండూరు, మైలవరం, తిరువూరు మెట్టలో తండాలు చాలా ఉన్నాయి. పడమరగా నందిగామ, జగ్గయ్యపేట మీదుగా హైదరాబాద్ వెళ్లే పెద్ద రోడ్డు ఉంది కదా, అది ఈనాటిది కాదు. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం రేవుని రాజధానితో కలిపింది ఈ బందరు దారే. ఓడల్లో దిగిన సరుకు లోపలికి పోవాలన్నా, లోపలి సరుకు రేవుకి రావాలన్నా మోసేవాళ్లు కావాలి. ఆ మోసేవాళ్లలో ముందు వరసలో ఉన్నది లంబాడీలు.

1600ల్లో బేరార్ నుంచి పత్తి మూటలు ఎద్దుల మీద కోస్తాకి దిగేవి. ఆ పత్తి ఇక్కడి నేతగాళ్ల మగ్గాలకి చేరేది, వాళ్లు నేసిన బట్ట ఓడలెక్కేది. తిరుగు ప్రయాణంలో అవే ఎద్దుల మీద సముద్రపు ఉప్పు లోపలి ఊళ్లకి వెళ్లేది. ఒక్క ఎద్దు కూడా ఖాళీగా తిరిగేది కాదు. ఇవాళ లారీ ఓనర్లు "రిటర్న్ లోడ్" అంటారే, ఆ లెక్క మన తాతముత్తాతలకి నాలుగొందల ఏళ్ల కిందటే తెలుసు. దాన్నే మనోళ్లు లదేణి అన్నారు. లంబాడీ అన్న పేరే 'లవణం' నుంచి వచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ పది పన్నెండు వేల ఎద్దుల బిడారాలు ఎదురైతే దారి కోసం రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదని రాశాడు. ఒక తెగ ధాన్యం, ఒకటి బియ్యం, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు మోసేదని కూడా రాశాడు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషువాడు ఉత్తరాదిన 14,000 ఎద్దుల తండాని చూశాడు. ఇంతమందికి నాయకత్వం, దారి, నీరు, మేత, కాపలా అన్నీ చూసుకున్నది తండా నాయక్. మనం ఊరి పేరులో వాడుతున్న 'తండా' అనే మాటకి అప్పటి అర్థం కదిలే బిడారం. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఒక్కో తండా ఒక్కో ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ.

1739లో గుత్తి ప్రాంతంలో పుట్టారని మనం చెప్పుకునే సేవాలాల్ మహారాజ్ వాళ్లదీ పశువులతో తిరుగుతూ వ్యాపారం చేసిన కుటుంబమే. 1791–92లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం అందించినవాళ్లలో బంజారాలు ముఖ్యులు.

ఇది ఒక్క లంబాడీల కథే కాదు. ఎరుకల అన్నదమ్ముల్లో శాఖల పేర్లు చూడండి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల. ఒకరు ఉప్పు, ఒకరు కరివేపాకు అమ్మారు. ఒకరు వెదురు దబ్బలతో బుట్టలల్లారు. ఒకరు నేతగాళ్లకి కుంచెలు చేసిచ్చారు. కులం పేరులోనే సరుకు పేరు ఉంది. వాళ్లు కోస్తా ఉప్పుని లోపలి పల్లెలకి చేర్చి, బదులుగా ధాన్యం తీసుకొచ్చేవాళ్లు.

మరి ఎలా పోయింది?

ఎవరో ఒకరోజు వచ్చి లాక్కుపోలేదు. ఒక్కొక్క కొస తెగుతూ వచ్చింది.

మొదటిది ఉప్పు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టింది. ఎక్కడ కొనాలి, ఎంతకి కొనాలి అన్నది సర్కారు చేతిలోకి పోయింది. 1888లో ఉప్పు పన్ను మణుగుకి రెండున్నర రూపాయలు అయింది.

రెండోది రైలు. వాడి నుంచి సికింద్రాబాద్‌కి 1874లో రైలొచ్చింది. నిజాం రైల్వే 1886లో వరంగల్, 1889లో బెజవాడ చేరింది. ఎద్దు రోజుకి ఆరేడు మైళ్లు నడిస్తే, రైలు ఒక్క రాత్రిలో వందల ఎద్దుల బరువు దించేసింది.

మూడోది గడ్డి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ అసలు దెబ్బ ఇదే. మనోళ్ల రవాణా చౌకగా ఎందుకుండేది? దారి పొడవునా బీళ్లలో, అడవిలో ఎద్దులు ఉచితంగా మేసేవి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవికి హద్దురాళ్లు పడ్డాయి, మేతకి రుసుము, జరిమానా వచ్చాయి. ఉచితం అనుకున్న డీజిలుకి డబ్బు కట్టాల్సొచ్చింది.

నాలుగోది ముద్ర. పని పోయి తిరుగుతున్నవాళ్లని సర్కారు అనుమానించింది. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు వైపూ వచ్చింది. నిన్నటిదాకా ఊరూరికీ ఉప్పు తెచ్చిన ఎరుకల వాళ్లని పుట్టుకతోనే దొంగలన్నారు. వేలిముద్రలు, హాజరీ, సెటిల్‌మెంట్లు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఎరుకల, కొరచల వ్యాపారం కూలడానికీ ఈ ముద్రకీ ఉన్న లింకుని వివరంగా రాశారు. నిజాం రాజ్యంలో లంబాడీలు బిడారాల నుంచి పాలేర్లుగా, కూలీలుగా ఎలా మారారో మనవాడే అయిన ప్రొఫెసర్ భంగ్యా భూక్యా 2010లో పుస్తకం వేశారు. లైబ్రరీలో దొరికితే వదలకండి.

ఇందులోంచి మనకేం తెలుస్తుంది?

పీటర్ మండీ ఒక ముఖ్యమైన విషయం గమనించాడు. ఎద్దులు బంజారాలవే. వాటి మీద ఉన్న సరుకు కొన్నిసార్లు కిరాయికి పెట్టుకున్న షావుకార్లదైనా, ఎక్కువసార్లు వాళ్లదే. అంటే మనోళ్ల చేతిలో బండీ ఉంది, సరుకూ ఉంది.  రైలొచ్చినప్పుడు షావుకారు నష్టపోలేదు. తన మూటలు ఎద్దు మీంచి దించి వ్యాగన్‌లోకి ఎక్కించాడు, అంతే. మోసేవాడే మునిగిపోయాడు.

కాబట్టి వ్యాపారంలో మూడు ప్రశ్నలు. సరుకు ఎవరిది? దారి ఎవరిది? కొనేవాడు ఎవరికి తెలుసు? మూడూ పరాయివాళ్ల చేతిలో ఉంటే అది వ్యాపారం కాదు, కూలి. కనీసం రెండైనా మన చేతిలో ఉండాలి.

ఇది జరిగే పనేనా అంటే, జరిగిన చోట్లు ఉన్నాయి. 1956లో విశాఖలో మొదలైన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, ఏజెన్సీ సంతల్లో షావుకారు తూకానికి పోటీగా నిలబడింది. దాని తేనె, కాఫీ ఇవాళ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అరకు గిరిజన రైతుల సహకార సంఘం పండించిన కాఫీ 2017లో పారిస్‌లో సొంత పేరుతో దుకాణం దాకా వెళ్లింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీ అదే, కొండ అదే. మారింది ఏంటంటే, సంచి మీద ఊరి పేరు పడింది.

మన లంబాడీ అక్కలదీ అంతే. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో లంబాడీ ఆడవాళ్లు మర్చిపోతున్న కుట్టుని ముసలమ్మల దగ్గర మళ్లీ నేర్చుకుని 'పోర్గై' అనే సంఘం పెట్టుకున్నారు. పోర్గై అంటే గోర్‌మాటీలో గర్వం. మన తండాల్లో పేటియా, కాంచళి పెట్టెల అడుగున పడి ఉన్నాయి. కుట్టడం వచ్చిన అమ్మలు ఇంకెంతమంది మిగిలారో ఎప్పుడైనా లెక్కేశారా?

ఇప్పటి రైలు

2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది చౌక డేటా వచ్చింది. 2018లో వాట్సాప్ బిజినెస్ వచ్చింది. తండాలో కూర్చుని హైదరాబాద్‌కి అమ్మడం ఇప్పుడు నిజంగా వీలవుతుంది. కానీ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి పెద్ద యాప్‌లు ఈ కాలపు రైళ్లు. ఎక్కొచ్చు, ఎక్కాలి కూడా. పట్టాలు మాత్రం మనవి కావు. ఛార్జీ ఎప్పుడు పెంచుతారో, మన దుకాణాన్ని ఎన్నో పేజీకి తోస్తారో మన చేతిలో లేదు.

ఒక లెక్క చూడండి, ఉదాహరణకే. మన మెట్ట మామిడితో కిలో ఆవకాయ సీసా, కొరియర్‌తో కలిపి 500 రూపాయలకి అమ్మారనుకుందాం. కాయ, నూనె, కారం, ఆవపిండి, ఉప్పుకి 210. సీసా, ప్యాకింగ్‌కి 45. కొరియర్ 90. మొత్తం ఖర్చు 345. "సీసాకి 155 మిగిలింది" అని సంబరపడతాం. పదింటిలో ఒకటి దారిలో పగిలిందనుకోండి. ఖర్చు 3,450, వచ్చింది 4,500, మిగిలింది 1,050. నెలకి 60 సీసాలు పంపితే 6,300. అదే ఒక యాప్ ద్వారా అమ్మి, వాళ్లు 15 శాతం కోసుకుంటే పదింటికి మిగిలేది 375. అరవైకి 2,250. మీ ఇంట్లో ఇద్దరి కష్టం ఇందులో ఇంకా కలపలేదు.

భయపెట్టడానికి చెప్పట్లేదు. మొదటిసారి యాప్‌లో కొన్నవాడు రెండోసారి నేరుగా మీ నంబర్‌కి ఫోన్ చేస్తే బతుకు మారుతుందని చెప్తున్నా. అందుకే సీసా మీద మీ పేరు, మీ ఊరి పేరు ఉండాలి. కొన్నవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకమే మన ఆస్తి. 

పని మొదలుపెట్టేవాళ్లకి

1. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. డబ్బడిగిన వెబ్‌సైట్ అసలుది కాదు. తినే వస్తువైతే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

2. ఆంధ్రలో సరుకులు అమ్మేవాళ్లకి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ అక్కర్లేదు. 2023 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రం లోపల యాప్‌ల ద్వారా అమ్మే చిన్నవాళ్లకి కూడా ఆ వెసులుబాటు ఇచ్చారు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుంటే చాలు. వేరే రాష్ట్రానికి యాప్‌లో అమ్మాలంటే జీఎస్టీ ఉండాలి.

3. కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనే సరుకులో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి కొనాలని విధానం ఉంది. 2016లో వచ్చిన జెమ్ పోర్టల్‌లో ఇది అడగొచ్చు. మనవాళ్లు రిజిస్టరే అవ్వకపోతే ఆ వాటా కాగితం మీదే ఉంటుంది.

4. "ముందు ఐదువేలు కట్టు, ఇంట్లో కూర్చుని నెలకి యాభై వేలు" అన్నవాడు మనకి వ్యాపారం నేర్పట్లేదు. వాడి సరుకు మనమే. మనుషుల్ని చేర్పిస్తే డబ్బు అన్నచోట లేచి వచ్చేయండి. లోన్ యాప్‌లో అప్పు తెచ్చి సరుకు కొనకండి.

5. చదువు మానకండి, ఉద్యోగ ప్రయత్నం మానకండి. మొదటి ఆరు నెలలు ఇది పక్క పనే. భరోసా ఒక్క దారిలో రాదు. బిడారంలో ఒక ఎద్దు కుంటితే మిగతావి నడిచేవి. ఇల్లు కూడా అలాగే నడవాలి.

6. ఒంటరిగా కాకుండా ఐదారు ఇళ్లు కలిసి చెయ్యండి. సీసాలు, కొరియర్ కలిపి మాట్లాడితే రేటు తగ్గుతుంది. వేల ఎద్దులు కలిసి నడవడానికి కారణం కూడా అదే. ఒక్కడు పోతే దారిలో దోచేవాళ్లు, తండా పోతే దారి ఇచ్చేవాళ్లు.

మన ముందుతరానికి తెలివి తక్కువై వ్యాపారం పోలేదు. దారి, సరుకు, చట్టం మూడూ ఒక్కొక్కటిగా పరాయివాళ్ల చేతికి పోయాయి. ఇవాళ చట్టం కొంతైనా మన వైపు ఉంది, చదువు ఉంది, చేతిలో ఫోన్ ఉంది.

ఈ వారం ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో, మీ వీధిలో పెద్దవాళ్లని అడగండి: మన వాళ్లు ఏం అమ్మేవాళ్లు, ఏ సంతకి పోయేవాళ్లు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు. విన్నది విన్నట్టు కింద కామెంట్‌లో రాయండి, ఊరి పేరుతో సహా. సుగాలి, ఎరుకల, యానాది, కోయ అందరూ రాయండి. ఇలా పోగైన మాటలన్నీ కలిపితే పైన రాసిన చరిత్రలో దొరకని మన మెట్ట చరిత్ర తయారవుతుంది. ఎవరి ఇంట్లో ఏ పని ఇంకా బతికుందో అందులోనే తెలుస్తుంది. అమ్మకం అక్కణ్నించే మొదలుపెడదాం.